తొక్కలు పీల్చిన సీసం

యార్డు గేటుకు వేసిన తాళం తుప్పు పట్టి ఉంది. గొలుసు చుట్టూ ఏదో పిచ్చితీగ రెండు చుట్లు చుట్టుకుని పూలు కూడా పూసింది. పోయిన వారం టీచరును మనం అక్కడే, మండుటెండలో, ఆ తాళం పట్టుకుని నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం.

ఆ తాళం ఆమెకు ఎంత పెద్ద సంగతో కొత్తగా చదివేవాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్పాలి. ఆ కాలనీలో బోరు నీళ్లలో సీసం ఉంది. ఒకప్పుడు పక్కనే పాత బ్యాటరీలు కరిగించే కొలుములుండేవి. కొలుములు పోయాయి, సీసం ఉండిపోయింది. అది పిల్లల రక్తంలో చేరి, చదివింది గుర్తుండక, కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే, ఆడపిల్లల హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పే ఈవిడ చూస్తూ ఊరుకోలేకపోయింది. జ్యూసు కొట్టు నుంచి కమలాతొక్కలు, హాస్టల్ నుంచి అరటితొక్కలు, బేకరీ నుంచి గుడ్డుపెంకులు పోగేసింది. కడిగింది, ఎండబెట్టింది, సున్నపునీళ్లలో నానబెట్టింది, మళ్లీ ఎండబెట్టి పొడి కొట్టి, నీలంరంగు డ్రమ్ముల్లో ఇసక మీద మందంగా పరిచింది. పైనుంచి పోసిన నీళ్లలో సీసాన్ని ఆ పొడి పట్టేసుకుంటుంది. కింద కుళాయిలోంచి తాగే నీళ్లొస్తాయి. నవ్వినవాళ్లు నవ్వారు. స్కూలు పిల్లలైతే ఏకంగా "తొక్కలో టీచరు" అని పేరే పెట్టారు. ఏడాదిన్నర తిరిగేసరికి కాలనీ పిల్లల రక్తంలో సీసం అంకెలు సగానికి పడిపోయాయి. అప్పట్నుంచి అదే పేరు ముద్దుగా పిలవడం మొదలుపెట్టారు.

ఇప్పుడా అంకెలు మళ్లీ ఎక్కుతున్నాయి. పదకొండుమంది పిల్లలవి, కాలనీ డాక్టరమ్మ తీసిన రక్తపరీక్షల్లో. డ్రమ్ముల నీళ్లు ఆమె మూడుసార్లు పరీక్ష చేసింది, మూడుసార్లూ శుభ్రంగానే ఉన్నాయి. నీళ్లలో లేని సీసం పిల్లల ఒంట్లోకి ఎలా వస్తోంది? ఆ ప్రశ్న పట్టుకునే యార్డుకి వెళ్లింది. నెలన్నరకోసారి డ్రమ్ముల్లోంచి తీసేసే పాత పొడిని, అంటే తాగగలిగినంత సీసం తాగేసిన పొడిని, బస్తాలకెత్తి అక్కడికి పంపాలి. యార్డువాళ్లు దాన్ని సిమెంటులో కలిపి దిమ్మలు పోసి, కంచె కట్టిన గోతిలో పూడుస్తారు. బస్తాలు పంపే పని ఆమె తమ్ముడిది. ప్రతి బస్తాకీ చీటీ మీద సంతకం ఆమెది. యార్డు మూతబడి ఆర్నెల్లు దాటిందని ఎదురుగా టీ కొట్టతను చెప్పాడు.

మొన్న పదిహేనో తారీఖు చీటీ మీద కూడా ఆమె సంతకం ఉంది.

*

స్కూలు వెనక షెడ్డు. శనివారం ఒంటిపూట బడి, పిల్లలంతా వెళ్లిపోయారు. రేకుల కింద పొద్దున పరిచిన కమలాతొక్కలు ఎండకు వంకర్లు తిరుగుతున్నాయి. ఆ వాసన పీల్చితే చాలు, టీచరుకి ఎంత అలసటా తీరిపోయేది ఇదివరకు. ఇవాళ ఆ వాసన పట్టించుకోకుండా నేరుగా లోపలికి నడిచింది.

తమ్ముడు ముక్కుకి గుడ్డ కట్టుకుని పొడి జల్లిస్తున్నాడు. ముప్పై నాలుగేళ్లవాడు. అమ్మ పోయేనాటికి వాడికి నాలుగు, ఆమెకు ఇరవై రెండు. అప్పట్నుంచి వాడికి అక్కా ఆమే, అమ్మా ఆమే. పెళ్లి ఊసెత్తినవాళ్లందరికీ "నాకో పిల్లాడున్నాడు" అని చెప్పి నవ్వేసేది. వాడికి పైపులు బిగించే పని నేర్పించింది, పెళ్లి చేసింది. డ్రమ్ములు మొదలయ్యాక ఆ పనంతా వాడి చేతిలోనే పెట్టింది.

"ఎప్పుడొచ్చావక్కా? తిన్నావా?" అన్నాడు తల ఎత్తకుండా.

"యార్డుకెళ్లొచ్చా."

జల్లెడ ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

"తాళం వేసుంది" అంది.

"శనివారం కదా. తొందరగా మూసేసుంటారు."

"తాళానికి పూలు పూశాయిరా."

ఈసారి జల్లెడ పూర్తిగా ఆగిపోయింది. ముక్కు గుడ్డ కిందికి లాక్కుని, మూలనున్న కుర్చీ దులిపి తెచ్చి వేశాడు. "ముందు కూర్చో. ఎండనపడి వచ్చావు. నీళ్లు తెస్తా."

"బస్తాలేవి?"

"చెప్తా. నువ్వు అరవనంటే చెప్తా."

"అరవడానికి ఊపిరెక్కడుంది? చెప్పు."

వాడు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టినా, మార్కుల కాగితం దాచేసినా వాడి మొహం ఇలాగే ఉండేది. కింది పెదవి లోపలికి మడుచుకుని, కళ్లు ఆమె భుజం మీదుగా ఎక్కడో గోడ మీద పెట్టేవాడు.

"కాలవగట్టు మీద కూరగాయల తోట ఉంది చూడు. ఆ తోట తాతకిచ్చాను."

టీచరుకి వెంటనే అర్థం కాలేదు. "ఆయనకెందుకు?"

"ఎరువుకని అడిగాడు."

ఆమె కుర్చీలో కూర్చుంది. కూర్చున్నానన్న సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి. ఎవరూ అడక్కుండానే కళ్ల ముందు నల్లబల్ల మీద బొమ్మ గీసినట్టు అంతా వరసగా కనబడింది. పొడి మట్టిలో కలిసింది. కుళ్లిన ఎరువుతో పులిసిన మట్టి. పులుపు తగిలితే తొక్క తను పట్టుకున్న సీసాన్ని వదిలేస్తుంది. వేరు తాగుతుంది, ఆకులోకి ఎక్కుతుంది. ఎక్కింది కాక, గాలికి లేచిన పొడి ఆకుల మీద పేరుకుంటుంది. పొద్దున్నే ఏడింటికి తోట తాత కోడలు తోపుడుబండి మీద ఆ ఆకుకూర వేసుకుని రెండో సందులోకి, అట్నుంచి మూడో సందులోకి వస్తుంది. మొదటి సందు ఇరుకు, బండి తిరగదు.

పదకొండుమంది పిల్లల్లో ఒక్కరూ మొదటి సందువాళ్లు కారు. నెలరోజులుగా ఆ ముడి విప్పలేక ఆమె నిద్ర లేకుండా కొట్టుకుంటోంది. అందరూ అవే డ్రమ్ముల నీళ్లు తాగుతుంటే ఆ ఒక్క సందు పిల్లలకి ఎందుకు పెరగలేదని. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

"ఎన్ని బస్తాలు?"

"కొన్ని..."

"ఎన్నిరా?"

"ముప్పై నాలుగు. అన్నీ."

రేకుల మీద కాకి నడుస్తున్న చప్పుడు. దాని గోళ్లు టకటకమంటున్నాయి.

"ముప్పై నాలుగు బస్తాల విషం" అంది టీచరు మెల్లగా. "ఆర్నెల్ల పాటు చుక్క చుక్కా నీళ్లలోంచి ఏరి తీశాను. గుప్పెడు గుప్పెడుగా పోగేసి, మూట కట్టి, నువ్వు మళ్లీ తీసుకెళ్లి వాళ్ల కంచాల్లో పోశావు."

"అలా అనకక్కా. యార్డు మూతబడిందని నీకు చెప్పలేదా నేను?"

"నాకా? ఎప్పుడు?"

"ఇన్‌స్పెక్షన్‌కి పెద్దవాళ్లొచ్చే ముందు. నువ్వు హాల్లో అట్టల మీద ఫొటోలు అంటిస్తున్నావు. అక్కా, యార్డు మూసేశారు, బస్తాలెక్కడ పెట్టమంటావని అడిగాను. ఏమన్నావో గుర్తుందా?"

గుర్తు లేదు అనబోయింది. కానీ గుర్తుంది. వాడు అడిగేవరకూ లేదు, అడగ్గానే మొత్తం వచ్చేసింది. చేతికి జిగురు. మర్నాడు ఇంకో ఐదు కాలనీలకు డ్రమ్ములు ఇవ్వాలో వద్దో తేల్చడానికి మనుషులొస్తున్నారు. వాడి మొహం కూడా చూడకుండా తను అన్న మాట.

"ఆ బస్తాల గోల నా దాకా తేకురా బాబూ, నువ్వే చూసుకో, అన్నావు" అన్నాడు తమ్ముడు. "అని ఊరుకున్నావా? మాటిమాటికీ సంతకాలకి రాకు అని చీటీల పుస్తకం మొత్తం ముందే సంతకాలు పెట్టి నా చేతికిచ్చావు."

అదీ నిజమే. పుస్తకం చివర నుంచి మొదలుపెట్టి, యాభై చీటీల మీద, ఒకే పట్టున, గీకేసింది. ఏం రాస్తున్నానో చూడలేదు. చూడ్డానికి అక్కడ ఏమీ రాసి కూడా లేదు.

"మళ్లీ ఎందుకు చెప్పలేదు? ఇన్‌స్పెక్షన్ అయిపోయాక? ఆర్నెల్లలో ఒక్క పూట నీకు తీరలేదా?"

"చెప్తే ఏం చేసేదానివి? డ్రమ్ములు ఆపేసేదానివి. పాత పొడి పెట్టడానికి చోటు లేనప్పుడు కొత్త పొడి వెయ్యకూడదని రూలు నువ్వే పెట్టావు. ఆపితే వీళ్లంతా మళ్లీ బోరు దగ్గరికి పోతారు. నీకు పిచ్చెక్కేది. నేను చూశాను కదా, ఈ డ్రమ్ములే నీ ప్రాణం. షెడ్డులో చోటు లేదు. వానొచ్చి బస్తాలు తడిసి కారుతున్నాయి. అప్పుడే ఆ తాత వచ్చి, తొక్కల పొడి పారేస్తున్నారటగా, మా మడుల్లో వేసుకుంటాం అన్నాడు. ఇచ్చేశాను."

"అందులో ఏముందో నీకు తెలీదా?"

"తొక్కే కదక్కా." వాడు ముక్కు గుడ్డ విప్పి చేతికి చుట్టుకున్నాడు. "నువ్వేగా వచ్చినవాళ్లందరికీ చెప్పేదానివి, తొక్క ఒకసారి పట్టుకుందంటే ఇక వదలదు, అని. నేను విని నేర్చుకున్నదే అది. వదలదు కదా, మట్టిలో పడుంటుంది కదా అనుకున్నాను."

అలా చెప్పడం సులువని అలా చెప్పింది. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టే మాట అది. పులుపు తగిలితే వదిలేస్తుందని ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

"నిజంగా తెలీదా?" ఆమె లేచి వాడి ముందుకొచ్చింది. "నా కళ్లలోకి చూసి చెప్పు."

వాడు చూశాడు. "తెలీదక్కా. నీ మీద ఒట్టు."

టీచరు వాడి చొక్కా మీద పడిన పొడి దులిపింది. ముప్పై ఏళ్ల అలవాటు. దులిపాక గానీ, దులుపుతున్న చేతిని ఆ చెంప మీద వెయ్యాల్సిందేమో అని తోచలేదు. ఆ ఆలోచన వచ్చేసరికి కోపం వాడి మీద నుంచి జారి తన మీదికి వచ్చేసింది. తెలియనివాడికి తెలియజెప్పాల్సింది తను. చూడకుండా సంతకం పెట్టింది తను. అయిదు కాలనీల మీద ఆశపడి ఉన్న కాలనీని గాలికొదిలేసింది తను.

"డాక్టరమ్మ దగ్గరికి పోదాం పద" అంది. "ముందు ఆ బండి ఆపాలి. తర్వాత నన్నేం చేస్తారో చేసుకోనీ."

"అక్కా, ఒక్క రోజు ఆగు. నేను ముందు తోట తాతతో మాట్లాడి..."

అప్పుడే స్కూలు ఆయా పరుగెత్తుకుంటూ వచ్చింది. పెద్దావిడ, కొంగు జారిపోతున్నా చూసుకోవడం లేదు. షెడ్డు గుంజ పట్టుకుని రొప్పుతూ అంది: "టీచరమ్మా, రెండో సందులో నీ డ్రమ్ములు పగలగొడుతున్నారు."

*

వాళ్లు వెళ్లేసరికి ఒక డ్రమ్ము అయిపోయింది. నీలం ప్లాస్టిక్ నిలువునా చీలి, లోపలి ఇసకా, తడిసి నల్లబడ్డ పొడీ రోడ్డు మీద కుప్పగా పడున్నాయి. చెప్పుల్లేని పిల్లలిద్దరు ఆ బురదలో కాళ్లు పెట్టి ఆడుతున్నారు. టీచరు వాళ్లని చెరో రెక్కా పట్టుకుని అవతలకి లాగేసింది. ఒకడు బేరుమన్నాడు.

రెండో డ్రమ్ము ముందు టైలరమ్మ గునపం పట్టుకుని నిలబడి ఉంది. వీధి మొగదల ఒంటి కుట్టుమిషను పెట్టుకుని కూతుర్ని పెంచుకుంటున్న మనిషి. ఏడేళ్ల ఆ పాప అంకె నిరుడు ఇరవై నాలుగు నుంచి పదికి దిగిందని ఇదే టైలరమ్మ టీచరుకు జాకెట్టు కుట్టి తెచ్చింది. నిన్న వచ్చిన కాగితంలో అంకె ఇరవై ఒకటి. ఆమె వెనక నలభై మంది దాకా ఉన్నారు. మధ్యలో డాక్టరమ్మ రెండు చేతులూ ఎత్తి ఏదో నచ్చజెబుతోంది గానీ ఎవరికీ వినబడ్డం లేదు.

వాటన్నిటినీ దాటి టీచరు ఇంకోటి చూసింది. సందు చివర పాత బోరు పంపు. రెండేళ్లుగా ఎవరూ ముట్టుకోనిది. దాని దగ్గర ఆడవాళ్లు బిందెలతో వరస కట్టారు. ఒకావిడ అప్పటికే నింపుకుని చంకనెత్తుకుంటోంది.

"ఆ నీళ్లు పట్టకండి!" అని అరిచింది టీచరు. "పారబొయ్యండి! దణ్ణం పెడతాను, ఆ నీళ్లు పారబొయ్యండి!"

"వచ్చిందండీ మహాతల్లి" అంది టైలరమ్మ. ఆమె గొంతులో కోపం కూడా లేదు, ఎండిపోయిన గొంతు. "ఏ నీళ్లు పట్టుకోమంటావు టీచరుగారూ? నీ చెత్తకుప్ప నీళ్లా? ఎవరో తిని ఉమ్మేసిన తొక్కలు తెచ్చి మా పిల్లల నీళ్లలో వేస్తే చేతులెత్తి మొక్కాం. మా పిల్ల నీకు ఎలకలా కనబడిందా? ప్రయోగాలు చేసుకోడానికి మా సందే దొరికిందా?"

"నీళ్లలో తప్పు లేదమ్మా."

"మరి మా పాపకెందుకెక్కింది? కాగితంలో ఉంది, ఇదిగో. ఈ అంకె అబద్ధమా, నేను అబద్ధమా?"

టీచరు డ్రమ్ముకీ గునపానికీ మధ్యకి వచ్చి నిలబడింది. గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు తీసి కుళాయి కింద పట్టింది. నింపి, గటగటా తాగింది. ఇంకోటి నింపుకుని తాగింది.

"నాటకాలు" అన్నారెవరో వెనక నుంచి.

"మూడుసార్లు పరీక్ష చేశాను. నాలుగోసారి మీ ముందే చేస్తాను. ఈ నీళ్లలో సీసం లేదు."

డాక్టరమ్మ ఆమె దగ్గరికి వచ్చింది. నెమ్మదిగా, కానీ అందరికీ వినబడేలా అడిగింది: "నీళ్లలో లేకపోతే ఎక్కడ ఉన్నట్టు టీచరుగారూ? పిల్లల రక్తంలో ఉందన్నది మాత్రం నిజం. నేను తీశాను ఆ రక్తం. ఎక్కడి నుంచి వస్తోంది?"

సందు సద్దుమణిగింది. బోరు దగ్గర పంపు కొడుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు. కిర్రు, కిర్రు, కిర్రు.

తెలియదు అంటే చాలు. ఇంకో నాలుగు రోజులు గడుస్తాయి. తోట తాతకు లోపాయికారీగా చెప్పి మడులు దున్నించెయ్యొచ్చు. ఈలోగా వీళ్లు మిగతా డ్రమ్ములు కూడా పగలగొట్టేస్తారు, బోరు నీళ్లు తాగుతారు, అంకెలు ఇరవై దాటి ముప్పైకి పోతాయి. చెబితే డ్రమ్ములు మిగులుతాయి. తను మిగలదు. తమ్ముడు గుంపు అంచున గోడకి ఆనుకుని ఉన్నాడు. అడ్డంగా తల ఊపుతున్నాడు. వద్దక్కా, వద్దు.

"ఆకుకూరలో ఉంది" అంది టీచరు.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. క్లాసులో వెనక బెంచీ పిల్లకి చెప్పినట్టు, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది. పొడి సీసాన్ని ఎలా పట్టుకుంటుందో, పాత పొడి ఎంత విషమో, దాన్ని ఎక్కడికి పంపాలో, యార్డు ఎప్పుడు మూతబడిందో, బస్తాలు ఎక్కడికి చేరాయో.

"చీటీల మీద సంతకాలు నావి. చూడకుండా పెట్టాను. యార్డు మూసేశారని మా తమ్ముడు చెప్పడానికొస్తే విసుక్కుని పంపేశాను. వాడికి ఇంత చదువు లేదు. పొడిలో విషం మట్టిలోకి దిగుతుందని వాడికి తెలీదు. తెలియజెప్పనిది నేను. తప్పు మొత్తం నాది. నన్నేం చేసినా సరే, ఆ బోరు నీళ్లు మాత్రం తాగకండి. డ్రమ్ములు పగలగొట్టకండి. కూర మానెయ్యండి. ఇవాళే."

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది. టైలరమ్మ చేతిలో గునపం మెల్లగా కిందికి దిగింది. దాన్ని గోడవారన పడేసి, అరుగు మీద కూలబడింది.

"పాలకూర" అంది తనలో తను. "రక్తం పడుతుందని నేనే బతిమాలి తినిపించాను. డాక్టరమ్మే చెప్పింది, ఆకుకూర పెట్టమని. తిననని మారాం చేస్తే చెవి మెలేసి తినిపించాను."

డాక్టరమ్మ మొహం తెల్లబోయింది. ఆకుకూర బాగా పెట్టమని ఆ సందులో ప్రతి తల్లికీ ఆమే చెప్పింది. ఆ మాట మింగి, సంచిలోంచి పుస్తకం తీసింది. "బండి దగ్గర కూర కొనేవాళ్లు చేతులెత్తండి. పిల్లలున్న ఇళ్లు ముందు. రేపటికల్లా అందరికీ రక్తపరీక్ష చెయ్యాలి."

ఒక చెయ్యి లేచింది. పక్కన ఇంకోటి. తర్వాత లెక్కపెట్టలేనన్ని. బోరు దగ్గర పంపు చప్పుడు ఆగిపోయింది. బిందె చంకనెత్తుకున్నావిడ అక్కడే కాలవలో ఒంపేసి, ఖాళీ బిందె కింద పెట్టి ఆమె కూడా చెయ్యెత్తింది. టీచరు ఆ చేతుల వంక చూడలేక తలవంచుకుంది. అయినా, ఒక్క క్షణం, డ్రమ్ములు దక్కాయి అనుకుంది. అలా అనుకున్నందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడు గుర్తొచ్చింది. మరదలు. ఎనిమిదో నెల.

గబుక్కున తలెత్తి వెతికింది. తమ్ముడి భార్య టైలరమ్మ గుమ్మం పక్కనే, పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. వాళ్ల ఇల్లూ రెండో సందులోనే. బండి వాళ్ల గుమ్మం ముందే ఆగుతుంది. ఆ పిల్ల చెయ్యి మాత్రం లేవలేదు.

"ఏమ్మా" అంది టీచరు. "నువ్వూ... ఆ కూర..."

"అయ్యో, కంగారుపడకు వదినా!" మరదలి మొహం వెలిగిపోతోంది. ఆ పిల్లకి అప్పటిదాకా బిగపట్టిన ఊపిరి ఒక్కసారి వదిలినట్టుంది. నవ్వుతూ, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, అందరికీ వినబడేంత గట్టిగా అంది: "మనింటికేం భయం లేదు. ఆర్నెల్ల నుంచీ ఈయన ఆ బండి కూర గుమ్మం లోపలికి రానివ్వలేదు! నాకు కడుపని తెలిసిన రోజే చెప్పేశారు, ఆ కూర ముట్టుకుంటే ఊరుకోనని. ఒకసారి పక్కావిడ వండిన కూర గిన్నెలో పెట్టిస్తే, గిన్నెతో సహా తీసుకెళ్లి పారబోసొచ్చారు. అందరూ తాజా కూర తింటుంటే నాకెందుకీ శిక్ష అని ఎంత తిట్టుకున్నానో. దేవుడల్లే..."

మాట అక్కడ ఆగిపోయింది.

తను ఏం చెప్పిందో ఆ పిల్లకి అప్పుడు వినబడింది. నవ్వు ఇంకా మొహం మీదే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు.

ఎత్తిన చేతులు ఒక్కొక్కటీ కిందికి దిగాయి. జనం అటు తిరిగారు. గోడకి ఆనుకున్న తమ్ముడు ఇప్పుడు గోడకి ఆనుకుని లేడు. రెండడుగులు వెనక్కి ఉన్నాడు. టీచరు వాడి కళ్ల కోసం చూసింది. వాడు ఆమె వైపు చూడలేదు. పెళ్లాం వైపూ చూడలేదు. సందు బయటికి పోయే దారి వైపు చూస్తున్నాడు.

"ఆర్నెల్లా?" అంది టైలరమ్మ. అరుగు మీద నుంచి లేచింది. "ఆర్నెల్ల నుంచీ తెలుసా నీకు?"

వాడు ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

టైలరమ్మ గోడవారన పడేసిన గునపం కోసం వంగింది. ఇందాకే డ్రమ్ముకీ జనానికీ మధ్య నిలబడ్డ టీచరు, ఇప్పుడు తమ్ముడికీ జనానికీ మధ్య నిలబడాలో, పక్కకి తప్పుకోవాలో తేల్చుకోవాలి. దానికి ఆమెకు దొరికిన వ్యవధి, ఆ మనిషి వంగి లేచేంత.